ఏడు నిమిషాలు వెనక

చీటీ చెల్లదంట. దాని మీదున్న టైము ఇంకా రాలేదంట. ఎక్కడైనా ఉందా ఇది? మళ్ళీ నా పేరు కొట్టాను, మళ్ళీ హెడ్డాఫీసు వాళ్ళ పేజీ వచ్చింది, మళ్ళీ పాస్‌వర్డ్ అడిగింది, ఇచ్చాను, అక్కడివాళ్ళు ఔను ఈవిడ ఈవిడే అని చీటీ రాసి ముద్రేసి పంపారు, మా సర్వర్ దాన్ని అందుకుని, ఎగాదిగా చూసి, నన్ను మళ్ళీ గుమ్మం బయటికి గెంటింది. ఐదోసారో ఆరోసారో. ఏసీ హోరులో నా గొణుగుడు నాకే వినపడటం లేదు. ఫ్లాస్కు మూత తీశాను, టీ వాసన చూశాను, తాగకుండానే మళ్ళీ మూత పెట్టాను. కిటికీలోంచి చూస్తే కింద గేటు, గేటు పక్కన వేలు పెట్టే మెషిన్లు, వాటి ముందు ఇంకా ఎవరూ లేరు, వాచ్‌మన్ ఒక్కడే కుర్చీలో కాళ్ళు చాపుకుని ఉన్నాడు. ఇంకో గంటలో పొద్దుటి షిఫ్టు మొత్తం అక్కడ వరసకట్టి నిలబడుతుంది. ఆ గంటే నాకిచ్చిన గడువు. నైటు వాళ్ళు వెళ్ళిపోయాక, డే వాళ్ళు వచ్చేలోపల, ఈ మందుల ఫ్యాక్టరీలో ఒక్క లైనూ తిరగని ఈ కాస్త సందులో పాత తలుపులు మూసి కొత్త తలుపు తెరవాలి. మూయడం వరకూ భేషుగ్గా మూశాను.

నిన్నటిదాకా ఇక్కడ ఎన్ని తలుపులో. హాజరుకి ఒక పాస్‌వర్డు, స్టాకుకి ఒకటి, ప్యాకింగు లైన్లు నడిపేదానికొకటి, సెలవు అడగడానికి ఇంకోటి. గోడౌను ఆయన తన పాస్‌వర్డులన్నీ కాగితం మీద రాసి కీబోర్డు అడుగున అంటించుకుని, దాన్ని తిరగేసిన ప్రతిసారీ తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూసేవాడు. మా సారేమో మీటింగులో, సింగిల్ సైన్-ఆన్ అమ్మా, ఒక్కసారి నువ్వెవరో చెప్పుకుంటే చాలు, ఇక ఏ గదిలోకెళ్ళినా ఎవరూ అడగరు, అని అరచేతిలో వైకుంఠం చూపించాడు. అబద్ధమని కాదు. ఇక మీదట మా సర్వర్ ఎవర్నీ పాస్‌వర్డ్ అడగదు, ఎవరొచ్చినా హెడ్డాఫీసుకి పంపుతుంది, అక్కడ గుర్తుపట్టి చీటీ రాసిస్తారు, ఆ చీటీ మీద ముద్రా, ఎప్పట్నుంచి ఎప్పటిదాకా చెల్లుతుందో ఆ టైమూ చూసుకుని లోపలికి వదుల్తుంది. మనుషులకే కాదు, గేటు దగ్గరి వేలి మెషిన్లకీ అదే తలుపు, అదే చీటీ. నెలల తరబడి ఇదే నా పని. హెడ్డాఫీసు వాళ్ళిచ్చిన నమూనా సర్వర్ మీద ఎన్నిసార్లు చేసి చూశానో లెక్కలేదు, ఒక్కసారీ పేచీ పెట్టలేదు. అసలు సర్వర్ని మాత్రం ముట్టుకోనివ్వరుగా, లైన్లు ఆగిపోతాయట. అందుకని ఇవాళే మొదలు. అందులోనూ నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, 'కొత్త తలుపు నుంచి మాత్రమే' అన్న గడిలో టిక్కు ముందు పెట్టేశాను, నేనొకసారి అందులోంచి వెళ్ళి చూడటం తర్వాతకి పెట్టుకున్నాను. తాళంచెవి ఇంట్లో పెట్టి తలుపు బయట్నుంచి లాగేసినట్టు. ఈ పని చేసేవాళ్ళు ఎవరైనా సరే జీవితంలో ఒక్కసారి ఇలా చేస్తారంటారు, నా వంతు ఇవాళొచ్చింది.

సారుకి ఫోన్ చేశాను. ఆయన కారులో ఎక్కడికో ప్రయాణం, వెనకాల హారన్లు. "సార్, ఎవరూ లోపలికి వెళ్ళలేకపోతున్నారు" అన్నాను. ఎవరూ ఏమిటి నా మొహం, నేనొక్కదాన్నేగా ఉన్నది. "పాతది తెరిచేయండి కాసేపు" అన్నాడు, అదేదో కిటికీ తెరవడం అయినట్టు. పాతది ఎక్కడుంది సార్, పాత పాస్‌వర్డులన్నీ నైటు వాళ్ళు వెళ్ళగానే హెడ్డాఫీసు వాళ్ళు చెరిపేశారుగా, సరేనని మీరే ఒప్పుకున్నారుగా, అంటే "ఓహో" అన్నాడు.  తర్వాత, "చూడండమ్మా, షిఫ్టు వచ్చేలోపల అయిపోవాలి. వేలి మెషిన్లు పనిచేయకపోతే షిఫ్టు షిఫ్టంతా గైరుహాజరు పడిపోతుంది, అందరూ కలిసి నా ప్రాణం తీస్తారు" అని పెట్టేశాడు. ఆయన ప్రాణం సంగతి దేవుడెరుగు, నాకు వదిన గుర్తొచ్చింది. కింద ప్యాకింగులో పనిచేస్తుంది మా వదిన, అట్టపెట్టెల్లో మాత్రల అట్టలు సర్దే లైను. ఈ నెలలో ఇప్పటికే రెండు ఎర్రగీతలు పడ్డాయి ఆవిడకి, ఆ రెండు రోజులూ అన్నయ్యకి పొలమారి ఊపిరి అందక, అది సర్దుకునేసరికి బస్సు పోయింది, ఆటో పట్టుకుని వచ్చేసరికి ఆలస్యం. మూడోది పడిందా, వచ్చే నెలనుంచి నైటు షిఫ్టు. అది మనుషులు వేసేది కూడా కాదు, కంప్యూటరే వేసేస్తుంది, కాళ్ళూ గడ్డం పట్టుకుందామన్నా దానికవి ఉండవు. వదిన నైటుకెళ్తే రాత్రిళ్ళు అన్నయ్యని అటూ ఇటూ తిప్పేదెవరు, గొంతులో కఫం అడ్డం పడితే తీసేదెవరు. పగలంటే పక్కింటావిడ వచ్చి కూర్చుంటుంది, రాత్రి ఆవిడకీ ఒక ఇల్లూ మొగుడూ ఉంటాడు కదా. నేనా, ఊరికి ఆ చివర, అత్తగారితోటీ ఇద్దరు పిల్లల్తోటీ. "నైటు వేశారా, నేను మానేస్తానే చిన్నీ, ఆయన్ని వదిలి రాలేను" అంది వదిన మొన్న, టిఫిను డబ్బా కడుక్కుంటూ, మామూలుగా. మానేస్తే ఆ ఇంట్లోకి ఇంకేం వస్తుంది?

అన్నయ్య కూడా ఒక తలుపే. ఇన్నాళ్ళూ ఈ సింగిల్ సైన్-ఆన్ అంటే ఏమిటో వదినకి చెప్పలేక చచ్చాను గానీ, మొన్న అకస్మాత్తుగా తట్టింది, అన్నయ్య లాంటిదే వదినా, అన్నాను. వదిన నవ్వింది, నవ్వుతూనే వెళ్ళి అన్నయ్య దిండు సర్దింది. మా పేటలో వాడిని కరెంటాయన అనేవాళ్ళు, వైర్లూ ఫ్యాన్లూ మోటార్లూ, ఎవరింట్లో ఏది పోయినా వాడే. నేనెక్కడికెళ్ళినా ఎవరూ నన్ను నువ్వెవరని అడిగిన పాపాన పోలేదు. బడి హెడ్మాస్టరు దగ్గర, లైబ్రరీలో, సినిమా హాలు గేటు దగ్గర, హాస్టలు మేట్రన్ దగ్గర ఒకటే మాట, కరెంటాయన చెల్లెల్నండీ. రామ్మా రామ్మా. నా మార్కులూ చూడలేదు, నా మొహమూ చూడలేదు, వాడి మాట మీద నన్ను నమ్మేశారు. కాలేజీలో చేరేటప్పుడు ఏదో కాగితం తక్కువైతే ఆ గుమస్తా మా వాడి మొహం చూసి, నువ్వు చెప్తున్నావుగా బాబూ, ఇంక కాగితమెందుకు, అన్నాడు. అప్పుడు గర్వంగా ఉండేది. ఇప్పుడు అనిపిస్తోంది, అన్ని తలుపులకీ ఒక్క మనిషే అయితే ఆ మనిషి పడిపోయిన రోజున ఏమవుతుందని. నిచ్చెన మీద ఉండగానే వచ్చింది వాడికి పక్షవాతం. కాలూ చెయ్యీ ఒక పక్కా, మాట పూర్తిగా. కాలు పోతే పోయింది, ఆ మాట మిగిలినా బాగుండేది. ఊ అంటాడు, అంతే. ఆ ఊలోనే మంచినీళ్ళు, ఆ ఊలోనే ఫ్యాను, ఆ ఊలోనే కోపం, ఆ ఊలోనే చిన్నీ వచ్చిందా. నాకు ఒక్కటీ తెలీదు. వదినకి అన్నీ తెలుసు, వంటింట్లోంచే, "ఆఁ ఆఁ దిండు జారింది, వస్తున్నా" అంటుంది. అన్నయ్య పడ్డాక వదిన్ని ఇక్కడికి తెచ్చింది నేనే, మేనేజరు ముందు నిలబెట్టి, మా వదినండీ, నాదీ పూచీ, అన్నాను. ఆ రోజు నేనే చీటీని. ఇదిగో ఇప్పుడు నా చీటీయే చెల్లటం లేదు, నవ్వాలో ఏడవాలో తెలీదు.

ఒకటే ఆశ. నల్ల స్క్రీన్ ఒకటి తెరిచి ఉంది. పొద్దున వచ్చీ రాగానే తెరిచింది, సర్వర్‌కి పెరటి దారి లాంటిది. అక్కణ్ణుంచి హాజరు పట్టీ కనపడదు గానీ సర్వర్ ఎందుకు గెంటేసిందో అది వరసగా రాసుకుంటూ పోతుంది, ముసలాళ్ళు ఎవరేమన్నారో అన్నీ గుర్తుపెట్టుకున్నట్టు. పైనుంచి చదువుతూ వచ్చాను. ముద్ర సరిపోయింది, పేరు సరిపోయింది, సర్టిఫికెట్ సరిపోయింది. చెల్లుబాటు మొదలయ్యే టైము ఒకటి, సర్వర్ అనుకుంటున్న టైము ఒకటి. రెంటికీ మధ్య ఏడు నిమిషాలు. అంటే హెడ్డాఫీసు వాళ్ళు ఈ క్షణాన రాసిన చీటీ మా సర్వర్ లెక్కలో ఇంకా ఏడు నిమిషాలకి గానీ పుట్టదు. ఆలు లేదు చూలు లేదు, నువ్వు బిడ్డని చూపిస్తావేమిటి అంటోంది అది, దాని తప్పేముంది. తల తిప్పి గోడ గడియారం చూశాను. చేతిలో ఫోన్ చూశాను. మళ్ళీ గోడ చూశాను. గోడ ఏడు నిమిషాలు వెనక. ఈ ఫ్యాక్టరీలో గోడ గడియారాలన్నీ, సైరనూ, క్యాంటీను షట్టరూ, గేటు మెషిన్లూ, అన్నిటికీ టైము చెప్పేది ఈ సర్వరే. నేను రోజూ చూస్తున్నదే. గోడ గడియారాలు ఎప్పుడు సరిగ్గా నడిచి ఏడ్చాయి గనకా అనుకునేదాన్ని. నమూనా సర్వర్‌ది హెడ్డాఫీసు టైమే కాబట్టి అక్కడ పేచీ రాలేదు. హమ్మయ్య అనుకున్నాను. నిజంగా అనుకున్నాను, పైకే అన్నాను, ఇంతేనా అని. గడియారం సరిచేస్తే తలుపు తెరుచుకుంటుంది, ఒక్క లైను కొడితే చాలు. కొట్టాను కూడా, ఎంటర్ నొక్కడమే తరువాయి. అప్పుడు పెద్దాయన గొంతు వినిపించింది.

పెద్దాయనంటే ఈ కుర్చీలో నాకు ముందు కూర్చున్నాయన. రిటైరయ్యేరోజు తాళాలన్నీ నాకు అప్పజెప్పి, బ్యాగు భుజాన వేసుకుని, గుమ్మం దగ్గర ఆగి, "ఏదన్నా ముట్టుకో అమ్మాయ్, దాని గడియారం జోలికి మాత్రం వెళ్ళకు" అన్నాడు. ముసలాళ్ళకి తలో చాదస్తం అనుకున్నాను. అప్పుడే అడిగి ఉండాల్సింది, అప్పుడు నాకు ఆయన ఎప్పుడు వెళ్తాడా, కుర్చీ ఎప్పుడు ఎత్తు సరిచేసుకుందామా అని ఉంది. ఫోన్ చేశాను. పక్షుల కూతలు, ఎవరో పరిగెడుతున్న చప్పుడు, పార్కులో నడుస్తున్నట్టున్నాడు. "ఎవరూ?" అన్నాడు. "నేనండీ, కంప్యూటర్ గది నుంచి. గడియారం ఏడు నిమిషాలు వెనకుందండీ" అన్నాను. నడక ఆగినట్టుంది. "ముట్టుకున్నావా?" అన్నాడు. "ఇంకా లేదండీ. ఎందుకండీ అలా పెట్టారు?" అంటే ఆయన నవ్వాడు, "బస్సు కోసమమ్మా" అన్నాడు. పొద్దుట పని వేళకి ఇటు వచ్చే బస్సు ఒకటే, అది షిఫ్టు మొదలయ్యాక గానీ రాదు. బస్సు వాళ్ళని అడిగితే ఫ్యాక్టరీ టైము మార్చుకోమన్నారు, ఫ్యాక్టరీని అడిగితే బస్సు టైము మార్చుకోమన్నారు, మధ్యన ఆ బస్సులో వచ్చే ఆడవాళ్ళందరికీ ఎర్రగీతలు. "వాళ్ళిద్దరూ మారరని తేలిపోయింది. సరే, గడియారమొక్కటే మన మాట వినేది అని దాన్ని మార్చా. సాయంత్రం సైరన్ కూడా ఏడు నిమిషాలు ఆలస్యమే కదా, కంపెనీ సొమ్ము ఒక్క నిమిషం తిన్నది లేదు." ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదా అన్నాను. "చెబితే ఉంటుందా?" అన్నాడు. ఇక్కడి సంగతి చెప్పాను, చీటీలూ, ముద్రలూ, పాత తలుపులు చెరిపేయడం, వేలి మెషిన్లు. ఆయన అంతా విన్నాడు. ఏదో ఉపాయం చెబుతాడని ఫోన్ చెవికి అంటించుకున్నాను. "అయితే ఇంకేం చేస్తావమ్మా" అన్నాడు చివరికి, చాలా మెల్లగా. "నాకూ ఏం పాలుపోవటం లేదు."

వదిన ఆ బస్సులోనే వస్తుంది. అది కాక ఇంకోటి లేదు. ఉన్నా ఎక్కలేదు, పక్కింటావిడ తన పిల్లల్ని బడికి పంపి వచ్చి కూర్చుంటేనే గానీ వదిన గడప దాటడానికి వీల్లేదు. వదినెప్పుడూ గొప్పగా చెప్పుకునేది, "నా అడుగు చూడవే చిన్నీ, బస్సు దిగి పరిగెత్తి వేలు పెడతానా, సరిగ్గా ఒక్క నిమిషం మిగుల్తుంది, ఒక్కరోజు తప్పదు" అని. పిచ్చి మొహం. ఆ నిమిషం ఎవరు పెట్టిందో ఆవిడకేం తెలుసు, నాకు మాత్రం తెలుసా. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారే, అది చిన్నప్పట్నుంచీ వినడమే గానీ అందులో నిలబడి చూడటం ఇదే. గడియారం సరిచేయనా, తలుపు తెరుచుకుంటుంది, బస్సులో వచ్చిన వాళ్ళందరికీ ఎరుపు, వదినకి మూడోది. సరిచేయకుండా ఊరుకోనా, తలుపే తెరుచుకోదు, షిఫ్టంతా గైరుహాజరు, వదినకి అప్పుడూ మూడోదే. ఉండు, ఇంకో దారి ఉంది, టైములో కాస్త తేడా ఉన్నా సర్దుకుపొమ్మని సర్వర్‌కి చెప్పే గడి ఒకటి ఉంటుంది. వెతికాను. ఉంది. అందులో రెండు నిమిషాలని ఉంది, ఏడు కొట్టబోతే గడి బూడిదరంగులో బిగుసుకుని ఉంది, హెడ్డాఫీసు వాళ్ళు కదలకుండా కట్టేశారు, దొంగలు పాత చీటీలు వాడుకోకుండానట. దొంగలంట! అట్టపెట్టెలు సర్దే ఆడవాళ్ళు. నేను నిజంగానే ఆ గడి మీద వేలితో పొడిచాను, స్క్రీన్ మీద వేలి గుర్తు పడింది.

ఫోన్ మోగింది. సారు. "టైము తేడా అట కదమ్మా, హెడ్డాఫీసు నుంచి ఇప్పుడే చెప్పారు, వాళ్ళకి తెలిసిపోతూనే ఉంటుందట అన్నీ. ఒక్క నిమిషం పనట. ఇంతోటి దానికి అంత కంగారు పడిపోయారేమిటి?" అన్నాడు, నవ్వుతున్నాడు కూడా. "సార్, ఆ టైము..." అన్నాను. ఆ టైము ఏమిటని చెప్పను? ఒకాయన ఏళ్ళ తరబడి మీ అందరి కళ్ళూ కప్పాడనా? చెప్పానంటే వెనక్కి వెళ్ళి లెక్కలు తీస్తారు, ఆ బస్సు వాళ్ళందరి హాజరూ తవ్వుతారు, పెద్దాయన్ని పార్కులోంచి పిలిపిస్తారు, కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. "చెప్పండి" అన్నాడు సారు. "ఒక్కరోజు వాయిదా వేస్తే సార్" అన్నాను. "ఇంకా నయం! హెడ్డాఫీసు వాళ్ళు లైనులో కూర్చుని ఉన్నారు, మీరు చేయకపోతే వాళ్ళే అక్కణ్ణుంచి చేసేస్తామంటున్నారు, అప్పుడు మీరూ నేనూ ఎందుకిక్కడ?" అన్నాడు. నిజమే, ఎందుకో. కిందికి చూశాను. నడిచొచ్చేవాళ్ళూ సైకిళ్ళ వాళ్ళూ అప్పుడే ఒక్కొక్కరూ చేరుతున్నారు, వేలు పెడితే మెషిన్ ఏ రంగూ వెలిగించటం లేదు, వాచ్‌మన్ లేచి నిలబడి దాన్ని అరచేత్తో చరుస్తున్నాడు. టీవీ అనుకున్నాడు కాబోలు.

వదినకి ఫోన్ చేశాను. ఏం చెప్పాలని చేశానో నాకే తెలీదు, పరిగెత్తి రమ్మనా, ఎగిరి రమ్మనా. చాలాసేపు మోగింది. ఎత్తారు. "వదినా!" అన్నాను. అటునుంచి ఊపిరి. ఫ్యాను చప్పుడు. "వదినా, వినపడుతోందా?" "ఊ." అన్నయ్య. బాగున్న చేత్తో ఎత్తినట్టున్నాడు, పాటలు వినడానికి వదిన ఫోన్ వాడి దిండు పక్కనే పెడుతుంది, గడప దాటేటప్పుడు తీసుకుంటుంది. "అన్నయ్యా, వదినుందా అక్కడ? వదినకివ్వు" అన్నాను. "ఊ." ఉందనా, లేదనా, స్నానానికి వెళ్ళిందనా? "అన్నయ్యా, ఒక్కసారి పిలువు. ఎలాగైనా పిలువు, మంచం మీద కొట్టు" అన్నాను. ఎంత బుద్ధిలేని దాన్నో చూడు, మంచం మీద కొట్టమంటున్నాను. కొట్టాడు. టక్, టక్ అని, మెత్తటి పరుపు మీద అర్థం లేని చప్పుడు. తర్వాత ఊ, ఊ, ఊ అని మూడుసార్లు, ఒకదాని కంటే ఒకటి గట్టిగా, నాకు సాయం చేయాలని, నా గొంతులో భయం విని ఏం జరిగిందో అడగాలని, లేదా నేనున్నాగా భయపడకు అనో. హాస్టలు మొదటి రోజున అదే అన్నాడు గేటు దగ్గర, అప్పటికి మాట ఉంది, "ఎవరన్నా ఏమన్నా అంటే నా పేరు చెప్పు." నీ పేరు చెబితే వినేవాళ్ళు లేరురా ఇక్కడ అన్నయ్యా. "ఏం లేదులే, ఊరికే చేశా, తర్వాత మాట్లాడతా" అన్నాను. పెట్టేయలేదు వాడు. నేనే పెట్టేశాను. ఏడుపొచ్చింది, ఏడవడానికి తీరిక లేదు, ముక్కు తుడుచుకున్నాను. ఇంకో దారేదైనా దొరుకుతుందేమోనని అరగంట పాటు ప్రతి గడీ వెతికాను, సారు రెండుసార్లు ఫోన్ చేస్తే ఇదిగో అయిపోతోంది అన్నాను, కింద గేటు నిండిపోయింది.

నేను కొట్టిన లైను అలాగే ఉంది నల్ల స్క్రీన్ మీద, చివర గీత ఆరుతూ వెలుగుతూ. ఎంటర్ నొక్కాను. నా వేలే. హెడ్డాఫీసు వాళ్ళు నొక్కి ఉంటే బాగుండేది, ఇంకో నిమిషం ఆగితే వాళ్ళే నొక్కేవాళ్ళేమో, ఆగలేకపోయాను, గైరుహాజరు కంటే ఆలస్యం మేలనుకున్నానో, సారు తిడతాడనుకున్నానో, ఇప్పుడు అడిగితే చెప్పలేను. గోడ మీద ముల్లు గిర్రున ముందుకు తిరిగి ఆగింది. ఆ ఏడు నిమిషాలూ ఈ ఫ్యాక్టరీలో ఎవరూ బతకలేదు, అలా పోయాయి. వెంటనే షిఫ్టు సైరన్ మొదలైంది, రోజూ కంటే ముందే ఎందుకు కూసిందో తెలీక గేటు దగ్గర అందరూ తలలెత్తి చూశారు. మెషిన్లలో పచ్చలైట్లు వెలిగాయి, అక్కడున్న వాళ్ళు కిందామీదా పడుతూ వేళ్ళు పెట్టేశారు, మెషిన్ మామూలుగా ఇచ్చే ఒక్క నిమిషమూ అయ్యాక ఎరుపులోకి మారింది, ఇక వేలు పెట్టినవాళ్ళకి ఆలస్యమే. నా పేరు కొట్టాను. హెడ్డాఫీసు పేజీ, పాస్‌వర్డ్, చీటీ, ముద్ర. తలుపు తెరుచుకుంది. స్వాగతం అంది, పేరు పెట్టి. హాజరూ, స్టాకూ, లైన్లూ, సెలవులూ, అన్ని గదులూ ఒకే తాళంచెవితో తెరుచుకుంటున్నాయి, ఎక్కడా నువ్వెవరని అడగటం లేదు. అచ్చం నా చిన్నప్పటిలాగా. సారు మెసేజ్ వచ్చింది, శభాష్ అని, పక్కన చప్పట్లు కొడుతున్న చేతుల బొమ్మ. హాజరు పట్టీ తెరిచాను. వదిన వరస వెతికాను. అందులో టైము గడి మీద నొక్కి చూశాను. చూడటానికే తప్ప మార్చడానికి నాకు హక్కు లేదట, చీటీలో అలా రాసుంది.

బస్సు వచ్చింది. ఇక్కణ్ణుంచి మలుపు కనిపిస్తుంది, అది ఎప్పటిలాగే వచ్చింది, ఎప్పటి టైముకే. ముందు తలుపులోంచి ఆడవాళ్ళు దిగుతున్నారు, దిగినవాళ్ళు దిగినట్టే పరుగు, అందరికంటే ముందు వదిన. ఒక చేత్తో టిఫిను డబ్బా పట్టుకుని, ఇంకో చేత్తో సంచీ పొట్టకి అదుముకుని, చెప్పు జారితే ఆగకుండానే కాలితో ఎక్కించుకుని, ఈ వయసులో ఆ పరుగేమిటో. ఎవరినో వెనక్కి తిరిగి పిలుస్తోంది, రండే రండే అన్నట్టు చెయ్యి ఊపుతోంది. కిటికీ అద్దానికి నుదురు ఆనించాను. ఆగు వదినా, నీకు ఆయాసం, పరిగెత్తకు, పరిగెత్తినా ఒకటే, నడిచినా ఒకటే. మెషిన్ దగ్గరికొచ్చి వేలు పెట్టింది. ఎరుపు. వేలు బట్టలకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. ఎరుపు. వెనకావిడ పెట్టింది, ఆ వెనకావిడ పెట్టింది, అన్నీ ఎరుపే. వదిన నవ్వుతోంది. మెషిన్‌ని చూసి, పక్కావిడని చూసి నవ్వుతోంది, ఇది పాడైపోయిందే అంటోంది కాబోలు. సంచీలోంచి ఫోన్ తీసింది. నా చేతిలో మోగింది.

"ఏమే చిన్నీ, మీ మెషిన్‌కి ఏమైందే? మా బస్సు వాళ్ళందరికీ ఎర్రలైటే. గోడ గడియారం కూడా ఇవాళ పిచ్చెక్కినట్టు ఎక్కడో ఉంది" అంది, రొప్పుతూ, నవ్వుతూ. "వీళ్ళంతా ఒకటే గోల. నేనే చెప్పా, పైన మా ఆడపడుచుంది, చిటికెలో బాగుచేసేస్తుంది, ఊరికే హైరానా పడకండని. పొద్దున ఫోన్ చేశావట కదా, మీ అన్నయ్య ఊరుకుంటేనా, ఊ ఊ అని ఒకటే చూపించడం, చిన్నీ చేసిందని నాకు వెంటనే తెలిసిపోయిందిలే. ఇందుకేనా చేశావు, మెషిన్ పాడైందని చెప్పడానికేనా? కాస్త చూడవే. ఈ నెల నాకు ఇది మూడోదవుతుంది తెలుసుగా. నువ్వున్నావు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈపాటికి గుండాగిపోయేది నాకు. చూస్తావుగా?" పైకి చూస్తోంది, ఏ కిటికీయో తెలీక అన్ని కిటికీల వైపూ కలిపి చెయ్యి ఊపుతోంది. మెషిన్ బాగానే ఉంది వదినా, ఇన్నేళ్ళకి ఇవాళే బాగయింది, బాగుచేసింది నేనే. ఈ మాటలన్నీ నోట్లోనే ఉన్నాయి, వరసగా ఉన్నాయి, ఒక్కటీ బయటికి రాలేదు. నోరు తెరిస్తే ఒక శబ్దం మాత్రం వచ్చింది.

"ఊ."

అన్నయ్య ఊలో నీళ్ళేవో కోపమేదో వంటింట్లోంచే చెప్పే మనిషి, "అదీ, నాకు తెలుసుగా" అని ఫోన్ సంచీలో పడేసుకుని, పక్కావిడ భుజం మీద చెయ్యి వేసి, ఏం పర్లేదు పదండే అంటూ లైను దగ్గరికి వెళ్ళిపోయింది.